చెయ్యి వేస్తే ఊరుకునే కంప్యూటర్

మా బావ పోయాక ఆయన కంప్యూటర్ ఎక్కువ కాలం బతకలేదు. ఉద్దానం సముద్రపు గాలి సంగతి తెలిసినవాళ్ళకు ఇందులో వింతేమీ లేదు. రోజూ మనిషి చెయ్యి తగులుతూ, వేడెక్కుతూ ఉన్నంతకాలం యంత్రం బాగానే ఉంటుంది. గుడ్డ కప్పి మూలన పెట్టామా, రాగికి చిలుం పడుతుంది, ఇనుముకు తుప్పు పడుతుంది. కర్మలన్నీ అయ్యి కొన్నాళ్ళు గడిచాక, ఎండలు ముదురుతున్న రోజుల్లో అక్క ఫోన్ చేసి, "ఒరే తమ్మా, మీ బావ పెట్టె లెగట్నేదురా" అంది.

నాకు కాశీబుగ్గలో రిపేరు షాపు ఉంది. జీడిపిక్కల బట్టీల పొగ పీలుస్తూ, ఊళ్ళోవాళ్ళ కంప్యూటర్లు విప్పుకుంటూ కూర్చుంటాను. నోరు మంచిది కాదని పేరు. ముఖ్యంగా ఒక మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది: "దానంతట అదే అయిపోయిందండీ." దానంతట అదే ఏదీ కాదు. ఎవరో టీ ఒలకబోసి ఉంటారు, ఎలుక వైరు కొరికి ఉంటుంది, ఉరుముతున్నప్పుడు ప్లగ్గు పీకడం మరిచిపోయి ఉంటారు. యంత్రానికి మనసుండదు, అలగదు, మనల్ని గుర్తుపట్టదు అని కస్టమర్లకు పాఠం చెప్పి మరీ పంపేవాణ్ణి. ఆ ఎండాకాలం తర్వాత పాఠం కొంచెం తగ్గించాను.

బావ ఊరు వజ్రపుకొత్తూరు దారిలో, కొబ్బరి తోటల మధ్య. ఇంటి ముందుగదే ఆయన దుకాణం. పాస్‌పోర్టు ఫొటోలు, పెళ్ళి కార్డులు, ఆన్‌లైన్ దరఖాస్తులు, ఊళ్ళో ఎవరికి ఏ కాగితం కావాలన్నా ఆ గదికే వచ్చేవారు. పని చేస్తున్నంతసేపూ పెదాలు మూసుకుని ముక్కుతో ఏదో కూనిరాగం తీసేవాడు. ఏం పాటో ఎవరికీ తెలిసేది కాదు, అడిగితే ఆయనకీ తెలిసేది కాదు. కుడిచెయ్యి మౌసు మీద, ఎడమ అరచెయ్యి పక్కనున్న కంప్యూటర్ పెట్టె మీద. ఏళ్ళ తరబడి అలా ఆన్చి ఆన్చి ఆ చోట నల్లరంగు అరిగిపోయి లోపలి రేకు బయటపడింది.

ఉద్దానంలో ఇంటింటినీ పట్టి పీడిస్తున్న కిడ్నీ జబ్బే ఆయన్నీ తీసుకుపోయింది. పలాసకు డయాలసిస్‌కి తిప్పుతున్న రోజుల్లో ఆయన వేళ్ళు వాచి మౌసు పట్టలేకపోతే, అక్క పక్కన కూర్చుని ఆయన చెప్పినచోట నొక్కేది. పని అలా వచ్చింది ఆవిడకి. పిల్లలు లేరు. ఇప్పుడు దుకాణం తనే నడుపుతానంది.

"మా ఇంటికొచ్చేయ్యే, ఒక్కర్తివీ ఏటి సేత్తావక్కడ?" అన్నాను.

"నీ ఇంట్లో కూకుని నీ పెళ్ళాం సేతి అన్నం తినాలేటి? ముందు పెట్టె బాగుసెయ్. లోపలేటి మార్సుకుంటావో నీ ఇట్టం. పెట్టె మట్టుకు అదే ఉండాల."

తెచ్చి విప్పి చూస్తే మదర్‌బోర్డు మీద పచ్చగా చిలుం. ప్రాసెసర్ ఫ్యాను తిరగనని భీష్మించుకుంది. హార్డ్ డిస్కు ఒక్కటే దక్కింది. కొత్త బోర్డు, కొత్త ర్యామ్, కొత్త పవర్ సప్లై వేసి, ఆ పాత పెట్టెలోనే మళ్ళీ కూర్చాను. పెట్టె పైన ఏ దసరాకో బావ పెట్టిన పసుపు బొట్టు మరక ఇంకా ఉంది. రంగు పోయిన చోట కాస్త నల్ల పెయింటు కొడదామనుకుని అక్కకి ఫోన్ చేశాను. ముట్టుకున్నావంటే ఊరుకోనంది. సరే, నాకెందుకని వదిలేశాను.

షాపులో వారం పైన నడిపాను. చిన్న చప్పుడు లేదు, ఒక్క తేడా లేదు. పాత తువ్వాలు చుట్టి, బైకు వెనక సీటు మీద తాడుతో కట్టుకుని తీసుకెళ్ళాను. దారి పొడుగునా పెట్టె అంచు నా వీపుకి ఆనుతూనే ఉంది. డయాలసిస్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు బావ కూడా ఓపిక లేక అలాగే నా వీపు మీదకి వాలిపోయేవాడు. నందిగాం నుంచి వచ్చే కొబ్బరి లారీ ఒకటి హారన్ కొడితే తప్ప నేను రోడ్డుకి అడ్డంగా పోతున్నానని తెలియలేదు.

ముందుగదిలో బల్ల మీద పెట్టి, ఆయన పాత స్పీకర్లు తగిలించి, ఆన్ చేశాను. తెర వెలిగింది. స్పీకర్లలోంచి సన్నగా ఒక జీర మొదలయింది. పాట ఏదీ పెట్టలేదు. పెదాలు మూసుకుని ముక్కుతో తీస్తున్నట్టుగా, పైకీ వెళ్ళదు, కిందకీ దిగదు. అక్క తలుపు దగ్గర నిలబడి నా మొహం చూసింది. నేను ఆవిడ మొహం చూడకుండా స్పీకర్ వైరు గట్టిగా నొక్కి, "లూజుగా ఉంది, అంతే" అన్నాను.

అది మొదలు. నాలుగు రోజులకోసారి ఫోన్.

"మౌసు మీద సెయ్యి నేకపోయినా బాణం గుర్తు కదులుతాందిరా."

"సాయంత్రం పూట ఆపేసి లోపలికెల్తే, తిరిగొచ్చేసరికి దానంతటదే ఎలుగుతాందిరా."

ఆ మాట సొంత అక్క నోట వచ్చేసరికి తిట్టడానికి కూడా కుదరలేదు. వెళ్ళి ర్యామ్ తీసి, కాళ్ళు రబ్బరుతో రుద్ది మళ్ళీ పెట్టాను. మౌసు మార్చాను. కీబోర్డు మార్చాను. పెట్టె ముందున్న పవర్ బటన్ వైర్లు తీసి వేరేవి వేశాను. ఒకటి మార్చి, చూసి, తర్వాతే రెండోది మార్చాలి, లేకపోతే తప్పు ఎక్కడుందో ఎప్పటికీ తెలియదు. ఈ పద్ధతి షాపులో నన్నెప్పుడూ మోసం చెయ్యలేదు. ఇక్కడ అన్నీ మార్చడం అయిపోయింది గానీ తప్పు కనపడలేదు. మళ్ళీ బైకెక్కించి షాపుకి తెచ్చాను. డాక్టరు గుమ్మం ఎక్కగానే జ్వరం తగ్గిపోయే పిల్లల్లాగా, నా బల్ల మీద మాత్రం బుద్ధిగా నడిచింది. జీర లేదు, కదలిక లేదు. పవర్ సప్లై కూడా మార్చేసి తిరిగి పట్టుకెళ్ళాను. ఆ ముందుగదిలో ప్లగ్గు పెట్టగానే ముక్కుతో రాగం మళ్ళీ మొదలు.

ఆ తర్వాత అక్క ఫోన్లు ఆగిపోయాయి. నేనే చేసి, "ఎలగుంది?" అంటే, "బాగానే ఉందిరా" అనేది. "మోత?" అంటే, "ఉంటే ఉంది, నీకేటి?" అనేది. పాడైన వస్తువు గురించి ఫిర్యాదు చేసేవాళ్ళని చూసి విసుక్కోవడం నాకు అలవాటు. ఫిర్యాదు మానేసిన మనిషిని చూస్తే ఏం చెయ్యాలో తెలియలేదు. ఒకరోజు మధ్యాహ్నం షాపు కట్టేసి బయల్దేరాను.

ఆ వేళకు ఉద్దానంలో మనుషులు కనపడరు. అంతా భోజనాలు చేసి ఎక్కడివాళ్ళక్కడ నడుం వాల్చుతారు. తుఫానుకి తలలు విరిగిన కొబ్బరి చెట్లు కొన్ని తోటలో ఇంకా మొండిగా నిలబడే ఉన్నాయి. మిగిలినవాటి మట్టలు ఒకదానికొకటి రాసుకుంటూ, ఎవరో చాప ఈడుస్తున్నట్టు చప్పుడు. గేటు తీస్తుంటే ముందుగదిలోంచి ఆ జీర వినపడింది. నేను మెట్టెక్కేలోపే ఆగిపోయింది.

అక్క కుర్చీలో కూర్చుని ఉంది. తెర మీద ఎవరిదో పాస్‌పోర్టు ఫొటో. కుడిచెయ్యి మౌసు మీద. ఎడమ అరచెయ్యి పెట్టె మీద, రంగు పోయిన ఆ చోటనే.

"మోత ఏదే?" అన్నాను.

చెయ్యి తీసింది. జీర మొదలయింది. మళ్ళీ చెయ్యి వేసింది. ఆగిపోయింది.

"సెయ్యేత్తే ఊరుకుంటాడు," అంది.

ఊరుకుంటుంది అనలేదు. నేను విననట్టే సంచీ దించి స్క్రూడ్రైవర్లు తీశాను. ఇంకో కుర్చీ లాక్కుని, అలవాటు ప్రకారం కాళ్ళు రెండూ పైకి పెట్టుకుని బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. చిన్నప్పటి నుంచీ నేల మీద కాలు పెట్టి పని చెయ్యడం నాకు చేతకాదు. అక్క ఎప్పుడూ, "భోజనానికి కూకున్నట్టు కూకుంటావేట్రా" అని వెక్కిరించేది. ఆ రోజు ఏమీ అనలేదు. నేను పెట్టె మీద చెయ్యి వేశాను. చల్లటి రేకు తప్ప ఇంకేమీ లేదు. జీర కూడా ఆగలేదు. అక్క వేసింది, ఆగింది. నేను వేశాను, ఆగలేదు. అక్క మొహంలో ఒక రకమైన గర్వం లాంటిది కనపడింది. నాకు భయం వేసింది, చెప్పుకోవడానికి సిగ్గెందుకు.

"నీకు తెల్దులే," అంది. "నీతోటి మాటాడ్డు."

సాయంత్రం దాకా ఆ పెట్టె ముందే కూర్చున్నాను. పక్క తలుపు తీసి లోపల ఒక్కొక్క వైరూ లాగి చూశాను. చివరికి చూసింది చాలనిపించి కంప్యూటర్ ఆపేశాను. తెర ఆరిపోయింది. అక్క లేచి, కొబ్బరి మొక్కలకి నీళ్ళు పెట్టాలంటూ పెరట్లోకి వెళ్ళింది. బోరు మోటారు స్విచ్ వేసిన చప్పుడు వినపడింది, మోటారు మూలిగింది. అదే క్షణాన నా ఎదురుగా, ఎవ్వరూ ముట్టుకోకుండా, కంప్యూటర్ ఫ్యాను గిర్రున తిరిగింది. తెర వెలిగింది. స్పీకర్లలో రాగం లేచింది, మధ్యాహ్నం కన్నా గట్టిగా. బాణం గుర్తు తెర మీద వణుకుతూ ఒక మూల నుంచి ఇంకో మూలకి పాకింది. బల్ల మీద చేతులు లేవు, గదిలో నేను తప్ప మనిషి లేడు.

అక్క గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మొక్కలకి నీళ్ళు పెట్టిన కాళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి.

"రోజూ ఈ ఏలకే వొత్తాడు," అంది, చుట్టం గురించి చెప్పినట్టు. "ముందు నాకూ బయమేసినాది. తరవాత సెయ్యేసి సూసినాను. జివ్వుమంటాదిరా. మీ బావ డయాలసిస్ నుంచొచ్చినప్పుడు సెయ్యి ఒణికేది కాదేటి? అచ్చం అలగే."

ఆవిడ దగ్గరకి వచ్చి, గొంతు తగ్గించి, మొహమంతా వెలుగు పెట్టుకుని చెప్పింది.

"నిన్న మోటారేసొచ్చి నేల తుడుత్తా తుడుత్తా తడి సేత్తోనే ముట్టుకున్నాను. సెయ్యట్టుకుని ఒగ్గనేదురా. నాను లాక్కుందామన్నా ఒగ్గనేదు. గట్టిగా, ఎంత గట్టిగా పట్టుకున్నాడో! పేనం పోతాదనుకున్నాను. పోయినా పర్నేదనుకున్నాను. అప్పుడే కరెంటు పోనాది, ఒగ్గేసినాడు."

మనిషిని కరెంటు పట్టుకుంటే ఎలా ఉంటుందో ఈ వృత్తిలో ఉన్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. కండరాలు బిగుసుకుని వేళ్ళు ముడుచుకుపోతాయి, వదిలించుకుందామన్నా వదలవు. మామూలుగా ఉద్దానంలో కరెంటు పోయినప్పుడల్లా అందరం తిట్టుకుంటాం. నిన్న అది పోకపోతే ఇవాళ నేను ఈ ఇంటికి మోటారు చప్పుడు వినడానికి కాదు, ఇంకో పనికి వచ్చి ఉండేవాణ్ణి. ఆవిడ తడికాళ్ళతో ఇంకో అడుగు వేసి చెయ్యి చాపింది. నేను అరిచాను. ఏమని అరిచానో గుర్తులేదు. ఆవిడ బిత్తరపోయి ఆగిపోయింది.

కుర్చీ మీంచి దిగి, నేల మీద నిలబడి, వేళ్ళు ముడిచి చేతి వెనకవైపుతో రేకుని అలా తాకీ తాకనట్టు తాకాను. భుజం దాకా కొట్టింది. కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చున్నన్ని రోజులూ ఇది నాకెలా తెలుస్తుంది! పెరట్లోకి పరిగెత్తి మోటారు కట్టేశాను. వచ్చి మళ్ళీ తాకితే దెబ్బ లేదు, జివజివ మాత్రం ఉంది. సంచీలోంచి టెస్టర్ తీసి ఆనించాను. మసగ్గా వెలిగింది. ఫ్రిజ్ పక్కరేకుకి ఆనించాను. అక్కడా వెలిగింది. తప్పు కంప్యూటర్‌లో లేదు. ఇంట్లో మూడు కాళ్ళ ప్లగ్గు ఉన్న ప్రతి వస్తువులోనూ ఉంది.

వస్తువుల్లో ఎక్కడైనా కరెంటు కారితే దాన్ని నేలలోకి పంపేయడానికి ఒక వైరు ఉంటుంది, దాన్ని మేం ఎర్త్ అంటాం. ఆ వైరు నేలని పట్టుకుని ఉన్నంతకాలం మనిషికి ఏమీ కాదు. నేలతో దానికి సంబంధం తెగితే, మోటారులో కారిన కరెంటు కూడా అదే వైరు పట్టుకుని ఇంట్లోకి వచ్చి, రేకుల్లో కాచుకుని కూర్చుంటుంది. ఎవరైనా ముట్టుకుంటే వాళ్ళ ఒంట్లోంచి నేలలోకి పోతుంది. మోటారు వేయగానే కంప్యూటర్ దానంతటదే లేచేదీ, బాణం గుర్తు వణికేదీ ఆ కారిన కరెంటుకే. అక్క చెయ్యి వేస్తే మోత ఆగేది అందుకే. ఆవిడే ఆ ఇంటికి ఎర్త్ అయింది.

మీటరు బోర్డు దగ్గర నుంచి ఆ వైరుని వెతుక్కుంటూ వెళ్ళాను. గోడ దిగి, అరుగు పక్కగా పాకి, వాకిట్లో తులసికోట అడుగున మాయమయింది. అక్కడికి వచ్చాక అంతా గుర్తొచ్చింది. ఇల్లు కట్టినప్పుడు ఆ గొయ్యి తవ్వింది బావా నేనే. మనిషి లోతున తవ్వి, రాగి పలక దించి, ఉప్పూ బొగ్గూ పొరలు పొరలుగా వేశాం. "ఇది ఇసక నేల బావా, నీల్లు పడకపోతే ఎర్త్ నిలబడ్దు. రోజూ ఎవరు పోత్తారు?" అని నేనే అడిగాను. బావ గట్టిగా నవ్వి, మేస్త్రీని పిలిచి, తులసికోట సరిగ్గా ఆ గొయ్యి మీదే కట్టించాడు. "మీ అక్క నాకు అన్నమెట్టడం మర్సిపోయినా దీనికి నీల్లోయడం మర్సిపోదు," అన్నాడు.

కోటలో ఇప్పుడు ఒక ఎండుపుల్ల నిలబడి ఉంది. చుట్టూ మట్టి నెర్రెలు విచ్చింది. వేలు పెడితే పొడిపొడిగా రాలింది.

"అక్కా, దీనికి నీల్లు పొయ్యట్నేదేటి?"

ఆవిడ అరుగు మీద కూర్చుండిపోయింది. ఊళ్ళోవాళ్ళు ఏడాది సూతకమని, అందుకే కోట ముట్టడం లేదని అనుకున్నారు. నేనూ చూసి ఉంటే అలాగే అనుకునేవాణ్ణి.

"ఎందుకొయ్యాల?" అంది. గొంతులో ఏడుపు కన్నా కోపం ఎక్కువగా ఉంది. "పెళ్ళయిన కాడ్నుంచీ పోసినాను. ఆయనికి బాగోనేదని తెలిసినాక రెండుపూటలా పోసినాను. దీపమెట్టి, సుట్టూ తిరిగి, ఏటి అడిగినాను దాన్ని? నా నగలు పెంచమన్నానా, నాకు మేడలిమ్మన్నానా? ఉంచిందా మడిసిని? దానికి నానింక ఒక్క సుక్క పొయ్యను."

ఆవిడ పక్కన కూర్చుని, వైరు గురించి, గొయ్యి గురించి, మోటారు గురించి మెల్లగా చెప్పాను. నిన్న పట్టుకున్నది బావ కాదని చెప్పలేదు. ఆ చెయ్యి చంపేస్తుంది అని మాత్రం చెప్పాను. బావ గొయ్యి మీద కోట ఎందుకు కట్టించాడో కూడా చెప్పాను. ఆవిడ ఆ ఎండుపుల్ల వైపు చూసింది.

"అయితే నీల్లోత్తే ఎల్లిపోతాడా?" అంది.

"జివజివ పోతాదక్కా."

"అదే అడుగుతన్నాను."

ఆవిడ లేచి, చీర కుచ్చిళ్ళు దోపుకుని, బిందె తీసుకుని నీళ్ళ గాబు దగ్గరకి వెళ్ళింది. పోతూ పోతూ, "నువ్వెల్లి పెట్టె మీద సెయ్యెట్టు. ఉన్నాడో నేదో సెప్పు," అంది.

మోటారు ఆగిపోయి ఉంది కాబట్టి మిగిలిన జివజివ వల్ల ప్రమాదం లేదు. వట్టికాళ్ళతో నేల మీద నిలబడి, బావ అరచెయ్యి అరగదీసిన చోట నా అరచెయ్యి ఆన్చాను. సన్నగా, లోపల ఎక్కడో ఒక ప్రాణి వణుకుతున్నట్టు తగిలింది. మోత ఆగింది. కిటికీలోంచి కోట కనపడుతోంది. అక్క బిందె వంచింది. ఎండిన మట్టి సుయ్యిమంటూ పీల్చుకుంది.

"ఉన్నాడా?"

"ఉన్నాడక్కా."

ఇంకో బిందె. బుడగలు లేచిన చప్పుడు నాకు లోపలికి వినపడింది.

"ఉన్నాడా?"

"ఉన్నాడు."

ఆవిడ గాబుకీ కోటకీ మధ్య తిరుగుతూనే ఉంది. ప్రతిసారీ అడిగింది, ప్రతిసారీ చెప్పాను. కాసేపటికి చెయ్యి కింద వణుకు పలచబడింది. ముందు అరచేతి నుంచి పోయింది, తర్వాత వేళ్ళ నుంచి. చివరికి చిటికెనవేలి కొసన మాత్రం ఉందో లేదో అన్నట్టు మిగిలింది. చెప్తే నవ్వుతారు గానీ, నేను ఆ వేలిని ఇంకా గట్టిగా నొక్కాను. డయాలసిస్ గదిలో ఆఖరుసారి ఆయన చెయ్యి పట్టుకున్నది కూడా నేనే. అది చల్లబడటం ఇలాగే, కొస నుంచే తెలిసింది. నాకు ఏడుపు వచ్చింది. బావ పోయాక నేను ఏడవలేదని ఇంట్లో అందరూ అనుకునేవారు, నిజమే, అప్పటిదాకా ఏడవలేదు.

"ఉన్నాడా?" అక్క బయట నుంచి అడిగింది.

చెయ్యి తీశాను. స్పీకర్లలో మోత లేదు. బయట మట్టలు రాసుకుంటున్న చప్పుడు తప్ప గదిలో ఏమీ వినపడలేదు. ఉన్నాడని అబద్ధం చెప్పాలనిపించింది. అలా చెప్పుకుంటూ పోతే ఆవిడ నీళ్ళు పోస్తూనే ఉంటుంది కదా అనిపించింది.

"లేడక్కా," అన్నాను.

బిందె ఆగింది. తర్వాత ఆ బిందెలో మిగిలిన నీళ్ళు కూడా కోటలో పోసిన చప్పుడు వినపడింది.

మర్నాడు వైరింగ్ మనిషిని వెంటబెట్టుకెళ్ళి మోటారు తీగ మార్పించాను. ఎక్కడైనా కరెంటు కారితే వెంటనే ఇల్లంతా ఆపేసే బ్రేకర్ ఒకటి బోర్డులో పెట్టించాను. ఇక మనిషిని పట్టుకుని వదలని కరెంటు ఆ ఇంట్లోకి రాదు. అక్క పక్కింటి నుంచి తులసి మొక్క తెచ్చి నాటింది. దీపం పెట్టదు, చుట్టూ తిరగదు, నీళ్ళు మాత్రం పోస్తుంది. కంప్యూటర్ బుద్ధిగా నడుస్తోంది. మోటారు వేసినా ఉలకదు పలకదు. దుకాణానికి మళ్ళీ జనం వస్తున్నారు, ఈ మధ్య పెళ్ళి కార్డులు కూడా తనే చేస్తోంది.

మొన్న ఒక మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా వెళ్ళాను. గేటు తీస్తూనే కోట వైపు చూశాను, అదొక అలవాటయిపోయింది. తులసి ఆకులు వాలిపోయి ఉన్నాయి. మట్టి తెల్లగా ఎండి ఉంది. ఎన్ని పూటల నుంచి నీళ్ళు లేవో చూడగానే తెలిసిపోతోంది. ముందుగదిలో కంప్యూటర్ ఆన్ చేసే ఉంది, కానీ ఏ మోతా లేదు. ఎందుకు లేదో నాకు తెలుసు.

నాకు ఒళ్ళు మండింది. అంత చెప్పాను, అన్ని సార్లు చెప్పాను! గాబు దగ్గరకి పోయి బిందె ముంచి, విసురుగా కోట దగ్గరకి వచ్చి వంచబోయాను.

"ఒరే తమ్మా," కిటికీలోంచి అక్క పిలిచింది. కుర్చీలో కూర్చుని ఉంది. పెట్టె వైపున్న ఎడమచెయ్యి నాకు కనపడటం లేదు. తిడుతుందేమోననుకున్నాను, ఏడుస్తుందేమోననుకున్నాను. ఆవిడ నవ్వుతోంది, దొంగతనం దొరికిపోయిన చిన్నపిల్ల మొహంతో.

"ఉండ్రా," అంది. "కాసేపుండి పోద్దువు నీల్లు."

ఆ చిన్న జివజివ ఎవరినీ చంపదని నాకు తెలుసు. బ్రేకర్ ఉందనీ తెలుసు. యంత్రానికి మనసుండదనీ, గుర్తుపట్టదనీ తెలుసు. బిందె కింద పెట్టి, కోట పక్కన మెట్టు మీద కూర్చున్నాను. లోపల నుంచి అక్క ముక్కుతో ఏదో రాగం తీయడం వినపడింది. ఆవిడకి ఆ అలవాటు మునుపెప్పుడూ లేదు. నీళ్ళు ఎండకి వెచ్చబడేదాకా అక్కడే కూర్చుని, ఆవిడ పొయ్యమన్నాకే పోశాను.